అన్నగారి కారు

కోస్గిలో ఒక రైతు వాకిట, వేపచెట్టు నీడన, పాత అంబాసడర్ కారొకటి యుండెను. అన్నగారు చిరకాలము నడిపి తమ్మునికిచ్చినది. ఉత్తరపారా కర్మాగారమున ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినది. 15 ఏండ్లు నిండిన సొంత కారును తనిఖీ చేయించి, 5 ఏండ్లకొకసారి రిజిస్ట్రేషను తిరిగి పొందవలెను. ఆ గడువు సమీపించెను.

"ఇనుము ధరకు అమ్ముదము నాయనా!" అనెను కొడుకు.

అందరును ఇంజను చప్పుడే విందురు. మేస్త్రీ మాత్రము ముందుగా కారు క్రిందికి దూరెను. పొగ చిమ్మినచో పిస్టన్ రింగులు మార్చవచ్చును. కాని అంబాసడరునకు వేరుగా చట్రము లేదు. అడుగురేకుతో కూడిన బాడీయే బరువంతయు మోయును. సుత్తితో తట్టగా చక్రముల చెంత రేకు పెళ్లలుగా రాలెను.

"ఇంజను బాగుచేయుదును. దీనికి మాత్రము పూచీపడలేను" అనెనతడు.

రైతు మారుమాటాడలేదు. అన్నగారి కూతురిని అత్తవారింటికి సాగనంపినది ఆ కారులోనే. నాటి సాయంకాలము ఫోను చేసి, "అన్నా, నీ బండి..." అని, చాలసేపటివరకు ఆయన వాక్యము ముగింపలేకపోయెను.