పొగయు నిదానమును

తర్కము చదువబోయిన ప్రతి బాలుడును మొదట చూడవలసినది ఒక కొండ. ఆ కొండమీద పొగ కనబడును. పొగ యున్నది గనుక అచ్చట నిప్పున్నదని అతడు నిర్ణయింపవలెను. కొన్నాళ్ళకు గురువు ఆ మాటను తిరుగవేసి, నిప్పున్న చోటనెల్ల పొగ యుండునా యని యడుగును. బాలుడు ఉండునని తటాలున చెప్పి చీవాట్లు తినును. ఎఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. నిప్పునకు తడికట్టె తోడైనప్పుడే పొగ పుట్టును. ఆ తడికట్టెను మన నైయాయికులు ఉపాధి యనిరి. ఇరువది యేండ్ల క్రిందట నేనీ పాఠము చదివి మంచి మార్కులే తెచ్చుకొంటిని. దాని యర్థము మాత్రము మొన్న మొన్న, ఎల్.బి. నగరులోని యొక మెకానిక్కు ప్రక్కన నిలుచుండగా నాకు తెలిసినది.

మాది నల్లగొండ జిల్లా. విజయవాడ బాట వెంట వచ్చి దిల్‌సుఖ్‌నగరు చుట్టుప్రక్కల నిలిచిపోయిన కుటుంబములలో మాది యొకటి. నేను బడిపంతులను. నా తమ్ముడు పండ్ల బాడుగలకు పికప్ ట్రక్కు నడుపును. అది 2016లో అప్పుచేసి కొన్న బండి. భారత్ స్టేజి నాలుగవ ప్రమాణపు డీజిలు ఇంజను గలది. కొత్తపేటలో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు ఉన్నన్నాళ్ళు అతని తిరుగుళ్ళు దగ్గఱలోనే ముగిసెడివి. 2021, 2022 సంవత్సరములలో మార్కెట్టు బాటసింగారమునకు తరలినది. అప్పటినుండి బరువుతో దూరపు ప్రయాణములు, ఇంటికి వచ్చుసరికి అర్ధరాత్రము. బండికి తిండి పెట్టుటయే గాని దాని యొంటిని చూచుకొను తీరిక అతనికి లేకపోయెను.

గడచిన మామిడికాయల కాలములో ఆ బండి నల్లని పొగ విడువసాగినది. మీటర్ల పలకమీద ఇంజను బొమ్మగల పసుపుపచ్చని దీపము ఆరకుండ వెలుగుచుండెను. అదే సమయమున కాలుష్య ధ్రువపత్రము గడువు తీరినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 115వ నిబంధన ననుసరించి ఈ పత్రము ప్రతి బండికిని ఉండవలెను. ఈ తరగతి బండ్లకు ఏడాదికొకసారి పరీక్ష. తమ్ముడు నన్నును వెంటబెట్టుకొని బాట ప్రక్కన నిలిచిన యొక పరీక్ష వ్యాను కడకు పోయెను.

చదువరులారా, ఇక చెప్పబోవునది నాకు గౌరవము తెచ్చు సంగతి కాదు. డీజిలు బండిని పరీక్షించు పద్ధతి యిది: ఇంజను బాగుగా వేడెక్కిన పిదప గొట్టములో కొలతకడ్డీ నుంచి, యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కి, వెలువడిన పొగ వెలుతురు నెంత మ్రింగుచున్నదో చూచి, అట్లు కొన్నిసార్లు చేసి సగటు తీయవలెను. ఆ కుఱ్ఱవాడు కడ్డీని గొట్టమునకు తాకించెను, నంబరు పలకను ఫోటో తీసెను, కాగితము చేతిలో పెట్టెను. యాక్సిలరేటరును ఎవ్వరును త్రొక్కలేదు. తమ్ముని జేబులో చిల్లర లేదనగా రుసుమును, పైన మఱికొంతయు నేనే యిచ్చితిని. పరీక్షలో చీటీ చూచి వ్రాసిన బాలుని గోడవైపు నిలువబెట్టు ఈ చేతితోనే యిచ్చితిని.

వారము దినములు గడచినవి. ఒకనాటి యుదయము తమ్ముడు నన్ను బడి గేటుకడ దింపి బండిని ముందుకు పోనిచ్చెను. నా వెనుక వచ్చుచున్న తొమ్మిదవ తరగతి బాలిక చున్నీ చెఱగుతో ముక్కు మూసికొని, "సార్, గా బండి మీ తమ్మునిదేనా?" అని యడిగెను. ఆమె ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. అది ఉన్నచో నాకింత బాధ కలుగకపోవును. ఆమె ఉబ్బసముతో నెలకు రెండు మూడు దినములు బడి మానునని హాజరుపట్టీ వ్రాయువాడను గనుక నాకు తెలియును. డీజిలు పొగ క్యాన్సరును కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2012లో తేల్చినదనియు తెలియును. తెలిసి యేమి లాభము?

ఆ సాయంకాలమే తమ్మునితో ఒక షెడ్డునకు పోతిని. అచ్చటి మెకానిక్కు బానెట్టు ఎత్తి నిమిషములో తీర్పు చెప్పెను. ఈ.జీ.ఆర్. వాల్వు చెడినదట. దాని దారికి అడ్డముగా ఒక రేకుప్లేటు బిగించి, పలకలోని దీపము పీకివేసినచో పొగయు తగ్గును, దీపమును కనబడదు. ఖర్చు స్వల్పము. తమ్ముని ముఖము వికసించెను.

"గింత రేకుముక్కతోని పనైపోతుంటే ఇంక లొల్లెందుకన్నా?"

ఆ రేకు చేయు పని యేమో తెలిసికొన్న తరువాత చెప్పుదునంటిని. రెండు రాత్రులు పుస్తకములు తిరుగవేసితిని. తెలిసిన దానిని ఇచ్చట చెప్పుట అవసరము.

గాలిలో అయిదింట నాలుగుపాళ్ళకు దగ్గఱగా నత్రజని యున్నది. మామూలు వేడిమిలో అది ఎవ్వరి జోలికిని పోదు. ఇంజను గదిలో మంట మిక్కిలి వేడెక్కినప్పుడు మాత్రము ప్రాణవాయువుతో కూడి నత్రజని ఆక్సైడులుగా మాఱును. ఇవి ఊపిరి గొట్టములను వాపజేయును. ఎండలో ఇతర వాయువులతో కలిసి నేలమట్టపు ఓజోనును పుట్టించును. దీనిని తగ్గించుటకు ఇంజనీర్లు ఒక యుపాయము పన్నిరి: కాలిపోయి వెలికి వచ్చు వాయువులో కొంతభాగమును మరల లోనికి పంపిరి. కాలిన వాయువు మరల కాలదు గనుక మంట వేడి తగ్గును. ఆ దారికి తలుపు ఈ.జీ.ఆర్. వాల్వు. అది తెఱచుకొని బిగిసిపోయెనా, లోన మంచి గాలి చాలక డీజిలు సగము కాలి మసియగును. అదే నల్లపొగ. తలుపునకు రేకు కొట్టితిమా, పొగ తగ్గును గాని కంటికి కనబడని నత్రజని ఆక్సైడులు పెరుగును.

ఇంకొక సంగతి. మన ధ్రువపత్రపు పరీక్ష డీజిలు బండిలో పొగ చిక్కదనమునే కొలుచును. నత్రజని ఆక్సైడులను కొలువదు. కావున రేకు కొట్టిన బండి నిజముగానే పరీక్షలో నెగ్గును. లంచ మక్కఱలేదు. యాక్సిలరేటరు త్రొక్కినను భయము లేదు. దోషము పొగనుండి పొగలేని రూపమునకు మాఱినది, అంతియే. ఎఱ్ఱగా కాలిన యినుపగుండు నా కండ్లయెదుట నిలిచినది: నిప్పున్నది, పొగ లేదు.

ఈ విద్య మన షెడ్లలోనే పుట్టినదని యెవ్వరును సిగ్గుపడనక్కఱలేదు. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వాగన్ కంపెనీ గుట్టు బయట పెట్టినది. ఆ కంపెనీ డీజిలు కార్లలోని కంప్యూటరు తాను పరీక్షలో నున్నట్లు పసిగట్టి అప్పుడు మాత్రము మర్యాదగా మెలగెడిది. బాట మీదికి వచ్చిన పిదప నత్రజని ఆక్సైడులు పరిమితికి నలువది రెట్ల వఱకు వెలువడెడివి. అట్టి కార్లు లోకమంతట కోటి పదిలక్షలు. ఇన్‌స్పెక్టరు వచ్చు దినమున మాత్రమే పాఠము చెప్పు పంతులునకు దీనిలో వింత యేమి తోచును?

మూడవనాడు ఒక తోటి యుపాధ్యాయుడు చెప్పగా ఎల్.బి. నగరులో నున్న వృద్ధుడగు మఱియొక మెకానిక్కు కడకు పోతిమి. అందఱును ఆయనను ఉస్తాదని పిలుతురు. ఆయన బానెట్టు ఎత్తకముందే ప్రశ్నలు మొదలుపెట్టెను. పొగ నలుపా, నీలమా, తెలుపా? నిలిచినప్పుడు వచ్చునా, బరువుతో ఎత్తు ఎక్కునప్పుడా? ఎన్నినాళ్ళనుండి? దానికి ముందు ఏ పని చేయించిరి? నీలపు పొగ యైనచో నూనె కాలుచున్నదనియు, తెల్లపొగ విడువకున్నచో డీజిలు కాలక పోవుచున్నదని గాని నీరు లోనికి దిగుచున్నదని గాని అర్థమనియు, నల్లనిదైనచో గాలి తక్కువ లేదా డీజిలు ఎక్కువ యనియు వివరించెను. పిదప స్క్యానరు తగిలించెను. పీ 0402 అని కోడు వచ్చినది. కాలిన వాయువు మితిమీఱి లోనికి పోవుచున్నదని దాని భావము. తమ్ముడు, "అయితే వాల్వే కదా చాచా?" అనెను. ఉస్తాదు నవ్వి,

"కోడు గల్లీ పేరు చెప్తది బేటా, ఇంటి నంబరు చెప్పది," అనెను.

ఆయన వరుస యిది. చౌకగా చూడదగినది ముందు, విప్పవలసినది వెనుక. ఒకసారి ఒక్కటియే మార్చుట. మొదట గాలి ఫిల్టరు తీసెను. బాటసింగారపు దుమ్మంతయు దానిలో నుండెను. క్రొత్తది వేసి చూడగా పొగ కొంచెము తగ్గినది, పోలేదు. పిదప వాల్వును చేతిపంపుతో లాగి చూచెను. అది మసి గట్టి సగము తెఱచి బిగిసియుండెను. తమ్ముడు గెలిచినట్లు నావైపు చూచెను. ఉస్తాదు మాత్రము, మసి వాల్వు చేసినది కాదు, వాల్వుమీద పడినది. అది ఎక్కడనుండి వచ్చినదని యడిగి, టర్బోనుండి గాలిని ఇంటర్‌కూలరునకు కొనిపోవు రబ్బరు గొట్టమును తడవసాగెను. క్లిప్పు క్రింద, పైకి కనబడనిచోట, వ్రేలిగోరంత చిరుగు. దాని చుట్టును నూనెమరక.

అప్పుడు కథయంతయు వెనుకకు నడచినది. గొట్టము చిరిగి గాలి కాఱినది. ముందున్న సెన్సరు కొలిచిన గాలి ఒకటి, లోనికి చేరిన గాలి మఱియొకటి. కంప్యూటరు కొలతను నమ్మి డీజిలు పోసినది. గాలి చాలక మసి పుట్టినది. మసి వాల్వుమీద పేరుకొని దానిని బిగించినది. వాల్వు మూతపడక గాలి ఇంకను తగ్గి మసి రెట్టింపైనది. వాల్వొక్కదానిని కడిగినను, మార్చినను, కొన్ని నెలలకు మరల ఇదే దుస్థితి. రేకు కొట్టినచో చిరుగు చిరుగుగానే యుండును.

మన వైద్యశాస్త్రములో రోగకారణమును కనిపెట్టుటకు నిదానమని పేరు. మాధవుడు ఆ పేరనే గ్రంథము వ్రాసెను. తెలుగువారు అదే మాటను తొందరలేమి యను నర్థములో వాడుదురు. ఈ రెండర్థములును ఏల ఒక్క మాటలో కాపురము చేయుచున్నవో ఆ షెడ్డులో తెలిసికొంటిని. తొందరపడువానికి కారణము దొరకదు.

పని రెండు దినములు పట్టినది. గొట్టము వెల కొన్ని వందలే. వాల్వు విప్పి కడిగి, క్రొత్త గ్యాస్కెట్టు వేసి బిగించుటకు, ఫిల్టరునకు, కూలికి కలిపి కొన్నివేలు. పోయిన రెండు బాడుగలు దానికి పైన. తమ్ముడు నాపై కోపపడెను.

"నీకు నెల తిరిగితే జీతమొస్తదన్నా. నాకు బండి తిరిగితెనే బువ్వ."

ఈ మాటను నేను కొట్టివేయజాలను. గాలి అందఱిది, ఖర్చు ఒక్కనిది. రేకుప్లేటు కొట్టించువారిని దొంగలనుట సులభము. పూట గడువని వానికి నిదానము నేర్పుట కష్టము. కావున సంస్కారము బండివానితోనే మొదలు కావలెననుట న్యాయము కాదు. పరీక్ష నిజమైన పరీక్ష కావలెను. కనబడని వాయువును కూడ కొలువవలెను. మరమ్మతు చేయించుకొన్న చిన్న బండివానికి పన్నులోనో బీమాలోనో కొంత మినహాయింపు కలుగవలెను. ఖర్చులో సగము నేను భరించితిని. అది దానము కాదు. వ్యాను కడ నేనిచ్చిన సొమ్మునకు వడ్డీ.

బండిని మఱియొక కేంద్రమున క్రమముగా పరీక్షింపజేసితిమి. మరమ్మతునకు ముందు ఉస్తాదు పట్టుబట్టి చూపించిన పరీక్షలో లెక్క 2.8, ఈ తరగతికి పరిమితి 1.62. ఇప్పుడు 1.1 వచ్చినది. ఉస్తాదు దీపమును తాను ఆర్పలేదు. కోడును చెఱుపనక్కఱలేదనియు, రోగము పోయినచో కొన్ని ప్రయాణములకు ఇంజనే ఆర్పుకొనుననియు చెప్పెను. నాలుగవనాడు హయత్‌నగరు దాటిన పిదప అది ఆరినదని తమ్ముడు ఫోను చేసెను. అతని గొంతులో కోపము లేదు.

ఆ రాత్రి నా బల్లమీద తొమ్మిదవ తరగతి అంతర్గత మూల్యాంకనపు మార్కుల పట్టీ యుండెను. ఏటేట మేము చేయునట్లే అందఱికిని ఇరువదికి పందొమ్మిదో ఇరువదియో వేసి పంపవలసినది. వారిలో ఏడుగురు తెలుగు వాక్యమును తప్పులేక చదువజాలరు. ఆ పందొమ్మిది నేను పీకివేయుచున్న దీపము. పట్టీ మూసి, మఱునాడు బడి విడిచిన పిదప ఆ యేడుగురను నిలువుమంటిని. ఒక్కొక్కని కడ కూర్చుండి, చిరుగెక్కడ నున్నదో వెదకుచున్నాను. ఇంకను ముగ్గురిది దొరకలేదు.