నాగర్‌కర్నూల్ పుట

24 ఫిబ్రవరి 2025, సోమవారం

గద్వాల స్టేషన్ బయట పేపరు కొని బండెక్కాను. శనివారం దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం కూలింది. పద్నాలుగో కిలోమీటరు దగ్గర ఎనిమిది మంది చిక్కుకున్నారు. జార్ఖండ్ వాళ్లు నలుగురు, ఉత్తరప్రదేశ్ వాళ్లు ఇద్దరు, పంజాబ్, జమ్ము కశ్మీర్‌ల నుంచి ఒక్కొక్కరు. పెట్టెలో అందరి నోటా అదే. బండి కృష్ణ దాటుతుంటే కిందికి చూశాను. ఈ నీళ్లే శ్రీశైలం చేరి, ఆ సొరంగంలోంచి నల్లగొండకు పోవాలి.

ఎదురు సీట్లో ఒక ముసలాయన. "మనోళ్లు తవ్వని ప్రాజెక్టు ఉందా సారూ? ఇప్పుడు మన దగ్గర తవ్వనీకి ఎక్కడెక్కడి పిల్లలో వచ్చిండ్రు" అన్నాడు. పాలమూరు లేబర్ అనే పేరు మోసిన తరం ఆయనది. కుడిచేతి బొటనవేలికి గోరు లేదు.

10 మార్చి, సోమవారం

నిన్న ఒక దేహం దొరికింది. పంజాబ్ నుంచి వచ్చిన మిషన్ ఆపరేటర్. సైన్యం, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి రెస్క్యూ వాళ్లు, కేరళ నుంచి తెచ్చిన కుక్కలు, ఇంతమంది బురదలో వెతికితే పదహారో రోజుకు ఒకరు. నిన్ననే దుబాయిలో మనవాళ్లు చాంపియన్స్ ట్రోఫీ గెలిచారు. రాత్రంతా వీధిలో టపాకాయలు. నేనూ మ్యాచ్ చివరిదాకా చూశాను. సంతోషించాను కూడా. పొద్దున ఆ సంతోషం గొంతులో అడ్డం పడింది.

27 మార్చి, గురువారం

మొన్న రెండో దేహం తీశారు. ఉత్తరప్రదేశ్ ఇంజినీరు. ఇంకా ఆరుగురు లోపలే.

గద్వాలలో కొన్న పేపర్లో సొరంగం మాట వెతుక్కోవలసి వస్తోంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక వార్తలూ విడిపోయాయి. మా పేపర్లో జోగులాంబ గద్వాల పుట, వనపర్తి రోడ్‌లో ఎక్కే మాస్టారి చేతిలో వనపర్తి పుట. పేపరు ఒకటే, మొదటి పుటా ఒకటే, లోపల ఎవరి గోడ వాళ్లది. రోజూ మార్చుకుని చదువుతాం. దోమలపెంట వార్తలుండే నాగర్‌కర్నూల్ పుట మాత్రం ఈ బండిలోకి రాదు. ఆ ఊరికి పట్టాలే లేవు. గద్వాల-మాచర్ల లైను మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను.

2009 అక్టోబరు కూడా ఇలాగే. తుంగభద్ర పొంగితే దేశమంతా కర్నూలు పేరు విన్నది. ఇవతలి గట్టున రాజోలి కూడా మునిగింది. మగ్గం గుంటల్లో బురద నిండింది. ఆ నేతగాళ్ల గోడు గురించి మాత్రం ఊరు దాటి మాట్లాడినవాళ్లు తక్కువ. మేం రెండు నదుల నడుమ నడిగడ్డ వాళ్లం, ఆ నొప్పి మాకు తెలుసు. తెలిసీ ఇప్పుడు దోమలపెంటను మేమే మరిచిపోతున్నాం. ఇది తప్పు.

10 మే, శనివారం

సరిహద్దులో కాల్పులు, హైదరాబాద్‌లో ప్రపంచ సుందరి పోటీలు. సరిహద్దు వార్త పెద్దదే, కాదనను. వెతుకులాట కిందటి నెలలోనే ఆపేశారు. లోపలి నీళ్లు, కూలే మట్టి, మళ్లీ ప్రాణాలు పోతాయన్న భయం. ఆ కారణాలు నాకు అర్థమవుతాయి. కానీ జార్ఖండ్‌లో ఆ తల్లులకు ఈ మాట ఏ పేపరు చెబుతుంది?

మదనాపురంలో పల్లీలమ్మే అక్క ఎక్కింది. కొడుకు పుణెలో సెంట్రింగ్ పనికి పోయాడట. "ఆ సొరంగం పిల్లలు ఎల్లినరా అన్నా?" అని అడిగింది. లేదన్నాను. గంప నేల మీద పెట్టి కాసేపు ఏమీ అమ్మలేదు.

మాస్టారి చెల్లెలు అచ్చంపేటలో ఉంటుంది. సోమవారం నుంచి ఆమెతో అక్కడికొచ్చే నాగర్‌కర్నూల్ పుట ఫొటో తీయించి పంపమన్నాను.