పెదనాన్న గిటారు

సంగీతం అంతంతమాత్రంగా వచ్చినవాడి చేతికి గిటారొస్తే చుట్టుపక్కల గదులవాళ్ళ పాట్లేమిటో మా హాస్టలు మిత్రులనడగండి. గిటారు పాట్లు మాత్రం నేనే చెప్పాలి.

అది మా పెదనాన్నది. 1984లో, డిగ్రీ చదివే రోజుల్లో కొనుక్కున్నారు. కిందటి సెలవుల్లో అటక మీంచి దించి, "నువ్వైనా వాయించరా" అని నా చేతిలో పెట్టారు. తీగలు మార్చాను. అంతా బాగానే ఉంది గాని, మెడ వెనక లాకరు పూత బంకబంకగా ఉంది. ఏళ్ళ తరబడి చెమటా, చేతి జిడ్డూ తగిలితే పాత లాకరు మెత్తబడుతుంది. బొటనవేలు అతుక్కుపోయి చెయ్యి జరిగేది కాదు. కాలేజీ డే చూస్తే పదిహేను రోజుల్లో ఉంది!

కాలేజీ ఎదురుసందులో వడ్రంగి మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన కనపడని చోట దూదితో ముందు స్పిరిట్ అద్దాడు. పూత పెద్దగా కదల్లేదు. థిన్నర్ అద్దాడు. ఇట్టే కరిగి దూదికి పసుపు రంగంటింది.

"లాకరే బాబూ. లక్క పాలిషయితే స్పిరిట్‌కే కరిగేది. గుడ్డకి థిన్నర్ అద్ది కొద్దికొద్దిగా తుడువు. ప్లాస్టిక్ పట్టీలకి తగలనీకు, అవీ కరుగుతాయి. గాలి ఆడేచోట కూర్చో, దగ్గర్లో అగ్గిపుల్ల గియ్యకు. తర్వాత 320 నంబరు ఉప్పుకాగితంతో నార వెంట నాలుగుసార్లు రుద్ది ఆపెయ్. పూత మళ్ళీ వేసుకోవచ్చు గాని కర్ర మళ్ళీ రాదు" అన్నాడు.

ఆదివారం హాస్టలు డాబా మీద కూర్చున్నాను. మధ్యాహ్నానికి లేతరంగు కర్ర బయటపడింది. మూడో మెట్టు వెనక మాత్రం వేలు పట్టేంత పల్లం తగిలింది. బంకలో ఇన్నాళ్ళూ గమనించనే లేదు. వంకరగా ఉందనిపించి, 120 నంబరు కాగితం తీసుకుని అది మాయమయ్యేదాకా రుద్దాను. అవిసెనూనె పట్టించాను. నూనె గుడ్డ ఉండచుట్టి పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకుంటుందని మేస్త్రి చెప్పాడు గనుక, విప్పి ఆరేశాను. అన్ని జాగ్రత్తలూ పాటించాను, ఒక్కటి తప్ప.

కాలేజీ డే నాడు పెదనాన్న వచ్చారు. స్టేజీ వెనక గిటారు అందుకుని, "భలే చేశావురా" అన్నారు. ఆయన బొటనవేలు మెడ వెనక అటూ ఇటూ తడుముకుంది.

"ఇక్కడో గుంట ఉండాలే?"

నేను మాట్లాడలేదు.

"కాలేజీలో ఉండగా క్రికెట్‌లో ఈ వేలు విరిగింది. సరిగ్గా వంగదు. అందుకే ఆకురాయితో గుంట తీసి, పైన పూత వేయించుకున్నాను."

రెండుసార్లు పట్టు పట్టి చూశారు. వేలు జారిపోయింది. "నీ చేతికి సరిపోయిందిగా, ఇక నీదేలే" అని నవ్వి ఇచ్చేశారు.

ఆ రోజు పాట బాగా కుదిరిందని అందరూ అన్నారు. ముందువరసలో పెదనాన్న కూడా చప్పట్లు కొట్టారు.

పాత వస్తువులు బాగుచేసే మిత్రులకు ఒక్క మాట. చేతికి అర్థంకానిదేదైనా తగిలితే, రుద్దేముందు దాన్ని వాడినవాళ్ళనడగండి. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. నేను చెయ్యలేదు.