ఉప్పలపాడు చెరువు గట్టున

గత జనవరిలో ఒక జుమా నమాజు అనంతరం, మదర్సా విద్యార్థులను వెంటబెట్టుకొని గుంటూరు నుండి ఉప్పలపాడు వెళ్లాము. పెదకాకాని మండలంలోని ఈ గ్రామం నగరానికి ఎంతో దూరం లేదు. దారిలో కళ్లాల్లో ఎండుతున్న మిరపకాయలు, ఏరివేత ముగిసిన పత్తిచేలు కనిపించాయి. ఊరి చెరువులోని తుమ్మచెట్లపై గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకొని ఉన్నాయి. జనం నడుమనే ఉన్నా వాటికి బెదురు లేదు.

“హజ్రత్, ఇవి మన కుంటకు ఎందుకు రావు?” అని ఒక పిల్లవాడు అడిగాడు. గూడబాతుల సంగతి అటుంచి, ఉన్న పక్షులనే మేము వెళ్లగొట్టామని ఆ పిల్లవానికి చెప్పడానికి నోరు రాలేదు.

మా మదర్సా వెనుక కుంటలో జమ్ము దట్టంగా పెరిగేది. అందులో పాములు చేరుతున్నాయని తల్లిదండ్రుల భయం. అడవిపందులు దాగి రాత్రివేళ మిరపచేలను పాడుచేస్తున్నాయని రైతుల బాధ. రెండూ నిజమే. కొన్నేళ్ల క్రితం పక్కచేలో పత్తికట్టె తగులబెడుతున్న రోజున, జమ్ముకు కూడా నిప్పు పెట్టడానికి మేమే అనుమతినిచ్చాము. మరునాడు బూడిదలో కాలిన గుడ్లు కనిపించాయి. ఒక నీటికోడి గట్టు వెంట అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ఒక ప్రయాణంలో సహచరులు పిట్ట పిల్లలను పట్టుకోగా, అల్లాడుతున్న తల్లిపక్షిని చూసి దైవప్రవక్త (స) వాటిని తిరిగి ఇచ్చివేయమన్నారు. అప్పుడే కాల్చివేసిన చీమల పుట్టను చూసి, అగ్నితో శిక్షించే అధికారం అగ్నికి ప్రభువైన అల్లాహ్‌కు తప్ప మరెవరికీ లేదని బోధించారు. అబూదావూద్ గ్రంథంలోని ఈ హదీసును ఏటా పాఠం చెప్పే మేమే ఆ నిప్పుకు సమ్మతించాము.

పోనీ, దానివల్ల ప్రయోజనమైనా కలిగిందా అంటే అదీ లేదు. జమ్ము దుంపలు బురదలో ఉంటాయి. మంట పైఆకును కాలుస్తుందే గాని దుంపను చంపదు. వానలు పడగానే అది మళ్లీ చిగురిస్తుంది. పక్షులకు మాత్రం గూటికి చాటు, పిల్లలకు మేత ఒక్కరోజులో పోతాయి. అమెరికాలోని కొన్ని నీటిపక్షుల రక్షిత ప్రాంతాలలో పాత రెల్లును కాల్చడం ఉన్నది. అయితే గూళ్లు లేని కాలంలో, కొంత భాగాన్ని మాత్రమే కాల్చి, మిగిలినది పక్షులకు వదులుతారు.

ఉప్పలపాడు నుండి వచ్చాక ఊరి రైతులతో కూర్చొని మాట్లాడాము. గూళ్లు లేవని చూసుకొని, తూము వైపు సగం జమ్మును నీటిమట్టానికి దిగువన కోయించాము. కోసిన మొదళ్లు నీట మునిగి ఉంటే దుంపకు గాలి అందక కుళ్లిపోతుంది. కూలి ఖర్చు అయిన మాట వాస్తవం. మిగతా సగాన్ని ముట్టుకోలేదు.

మొన్న ఫజర్ నమాజు ముగించి బయటకు రాగానే, ఆ సగంలో నుండి నీటికోడి కూత వినిపించింది. పాఠక సోదర సోదరీమణులారా, మీ ఊరి కుంటకు నిప్పు పెట్టేముందు ఒక్కసారి గట్టు చుట్టూ నడిచి చూడండి.