తట్ట పారేసే విద్య

కడుతున్న ఇంటిని ఎప్పుడైనా తీరిగ్గా నిలబడి చూశారా? ముందుగా దిష్టిబొమ్మ కనిపిస్తుంది. గడ్డి కుక్కిన పాత ప్యాంటూ, చొక్కా, కొన్నిచోట్ల నెత్తిన ఓ టోపీ కూడానూ! తగులుతుందో లేదో తెలియని దిష్టికి అంత ముందుజాగ్రత్త. ఆ బొమ్మ కిందనుంచే ఇటుకలు మోసుకెళ్ళే మనిషి నెత్తిన మాత్రం చుట్టకుదురు తప్ప మరేమీ ఉండదు. ముహూర్తం అడుగుతాం, వాస్తు అడుగుతాం, సిమెంటు ఏ కంపెనీదో పదిసార్లు అడుగుతాం. "ఏమయ్యా మేస్త్రీ, ఆ సారువలు గట్టిగా కట్టావా? పైనున్నవాడు పట్టుకోడానికి అడ్డకర్ర ఏదైనా పెట్టావా?" అని అడిగిన గృహస్థుని నేనింతవరకూ చూడలేదు.

నాకీ ధ్యాస పట్టించినవాడు మా మేనల్లుడు. ఓ పెద్ద కట్టడం దగ్గర సేఫ్టీ ఆఫీసరు వాడు. మన నవలల్లో ఇంజనీర్లు జీపు దిగి నల్లకళ్ళద్దాలు తీస్తారు గాని, ఇలాంటి ఉద్యోగం చేసిన హీరో ఒక్కడూ గుర్తుకు రాలేదు నాకు. "అసలు ఏం చేస్తావురా అక్కడ?" అంటే, "ప్రమాదం జరక్కపోతే వీడెందుకూ దండగ అంటారు, జరిగితే వీడేం చేస్తున్నాడంటారు. అదీ ఉద్యోగం అత్తయ్యా!" అన్నాడు.

1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం, అయిదువందలమందీ ఆ పైనా పనిచేసే చోట ఇలాంటి ఆఫీసరూ, ఓ భద్రతా కమిటీ ఉండాలంది. పదిమంది కూడా లేని చోట్ల జోలికి ఆ చట్టం అసలు పోలేదు. అంటే మన వీధుల్లో లేచే మేడలు చాలావరకు దాని చూపుకే ఆనలేదన్నమాట. రెండో అంతస్తు నుంచి పడ్డవాడి నడుముకి ఈ లెక్కలు తెలీవు పాపం.

మార్చి 4న భద్రతా దినం చేస్తారు. 1966లో ఆ తేదీన జాతీయ భద్రతా మండలి పుట్టింది. ఆ రోజుకి గోడలకంటించే కాగితాలు తెచ్చి తెలుగు సరిచూడమన్నాడు మావాడు. "ఉన్నత స్థలములందు కార్యము నిర్వర్తించునపుడు దేహరక్షక పట్టికను విధిగా ధరింపవలయును" అని ఉంది. "ఒరేయ్, ఇది కూడబలుక్కునేలోగా మనిషి కిందికొచ్చేస్తాడురా!" అన్నాను. 'పైకెక్కితే బెల్టు కొక్కెం తగిలించు' అని మార్చాను. శిరస్త్రాణం కొట్టేసి హెల్మెట్ అని రాశాను. "కాగితాలు సరే, మనుషుల్ని కూడా చూద్దువుగాని రా" అని మర్నాడు పొద్దున్నే తీసికెళ్ళాడు.

పని మొదలుపెట్టే ముందు అందర్నీ నిలబెట్టి పది నిమిషాలు పాఠం చెబుతారు. టూల్ బాక్స్ టాక్ అంటారట. ఒడిశా, బీహారు కుర్రాళ్ళకి హిందీలో, పాలమూరు ఆడవాళ్ళకి తెలుగులో. పాలమూరు కూలీలంటే దేశంలో ఎన్ని ఆనకట్టలకు మట్టి మోశారో! 1955లో మొదలైన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట కూడా వేలమంది తలలమీదుగా పైకి లేచిందే.

ఘనమీటరు మట్టి ఒకటిన్నర టన్ను తూగుతుందనీ, ఛాతీదాకా కప్పేస్తే తల బయటే ఉన్నా ఊపిరాడదనీ నాకు అక్కడే తెలిసింది. తవ్వినమట్టి గుంత అంచునే పోస్తే ఆ బరువుకే గట్టు విరిగి లోపలివాడి మీద పడుతుందట. తర్వాత ప్రొక్లెయినరు. (ఫ్రాన్సు కంపెనీ పేరు మన నోళ్ళలో పడి యంత్రానికే పేరైపోయింది.) "డ్రైవరు కళ్ళు నీకు కనబడకపోతే, నువ్వు డ్రైవరుకి కనబడవు. తొండం ఇటు తిరిగితే వెనకభాగం అటు తిరుగుతుంది. దానికీ గోడకీ మధ్య నిలబడ్డవాడు..." అని ఆగాడు మావాడు. పూర్తి చెయ్యలేదు. అక్కర్లేకపోయింది.

క్రేను దగ్గర సైగలు ఒక్క మనిషే చెయ్యాలి. కాని ఆపమనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆపరేటరు ఆపితీరాలి. ఇంజనీరు గానీ, కూలి గానీ, టీ తెచ్చే కుర్రాడు గానీ! ఈ ఏర్పాటు నాకు భలే నచ్చింది. పెద్దా చిన్నా లేకుండా ఎవరు "ఆగు" అన్నా ఆగే చోటు మన ఇళ్ళల్లో ఉందా చెప్పండి? రెండు చేతులూ పక్కలకు చాచి, అరచేతులు కిందికిపెట్టి ఊపాలి. అందరూ ఊపారు.

అప్పుడు వెనకవరసలో ఒకావిడ అడిగింది: "నెత్తిమీద తట్ట ఉంటది గద సారూ, చేతులు యాడికెళ్ళి వస్తయి?"

మావాడు తెల్లబోయాడు. వాళ్ళ తట్టలకీ హెల్మెట్లకీ అసలే పడదు. హెల్మెట్ పెడితే తట్ట నిలవదు, తట్ట పెడితే హెల్మెట్ నిలవదు. ఆ టోపీ చేసినవాడు తలమీద బరువు మోసే మనిషిని ఊహించి ఉండడు. చక్రాల బళ్ళు తెప్పించమని వీడు రెండుసార్లు పైకి రాశాట్ట.

"తట్ట పారెయ్యమ్మా" అన్నాడు.

"సిమెంటు మాలు పారేస్తే మేస్త్రి ఊకుంటడా?"

ఖాళీ తట్ట ఇచ్చి పారెయ్యమన్నారు. ఆవిడ నెమ్మదిగా వంగి కింద పెట్టింది. "పెట్టడం కాదమ్మా, పారెయ్యాలి!" మళ్ళీ పెట్టింది, ఇంకాస్త తొందరగా. ఇన్నేళ్ళుగా ఒక్క గరిటెడు ఒలకకుండా మోసిన చేతులు మరి. చుట్టూ నవ్వులు. మావాడు నవ్వలేదు. గుంపు మేస్త్రిని ముందుకి పిలిచాడు. ఆయన నేలచూపులు చూస్తూ, "ఆపనీకి పారేస్తే పైసలు కొయ్య" అన్నాడు.

"గట్టిగ చెప్పు మేస్త్రీ, మిషన్ల చప్పుడుకి ఇనొస్తలే!" అందావిడ. మిషన్లు ఇంకా మొదలేకాలేదు.

ఈసారి గట్టిగానే చెప్పాడు. తట్ట ఖంగుమని నేలకి కొట్టుకుని దొర్లుకుంటూ పోయింది. ఆవిడ చేతులు చాచి ఊపి, అలా ఊపుతూనే మావాణ్ణి అడిగింది: "ఈయన పోయి ఇంకో మేస్త్రి వస్తే ఎట్ల సారూ?"

'కొత్త మేస్త్రి వస్తే మొదటిరోజు ఈ పాఠం ఆయనకే' అని రిజిస్టరులో రాసుకున్నాడు వాడు. అవతల మిల్లరు తిరగడం మొదలుపెట్టింది.