మా పేరుకు గవాయి ఎవరు?

మా పేర్లు మాకంటే ముందు నడుస్తాయి. పట్నంలో అద్దె ఇంటికోసం ఫోను చేస్తే పేరు చెప్పేదాకా ఇల్లు ఖాళీగానే ఉంటుంది. చెప్పిన మరుక్షణం, నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చిపోయారని తేలుతుంది. అందుకే, పేరుతో పనిలేని లోకం ఒకటుందని మా ఇంటి పిల్ల చెప్పినప్పుడు మేం నమ్మలేదు. నమ్మాలని మాత్రం అనిపించింది.

పిల్ల ప్రోగ్రాములు రాస్తుంది. గిట్ అనే పనిముట్టు గురించి చెప్పింది. లినస్ టోర్వాల్డ్స్ 2005లో చేశాడట. మధ్యలో దొర ఉండడు. పని పంచుకున్న ప్రతి మనిషి దగ్గరా మొత్తం లెక్క నకలు ఉంటుంది. నీ పేరేమిటంటే ఏది చెబితే అది రాసుకుంటుంది. పటేల్ అన్నా పఠాన్ అన్నా మొహం చిట్లించదు. గిట్‌హబ్ అనే చోట అట్లాంటి పనులు కోట్లకొద్దీ ఉన్నాయి. రాసింది పనిచేస్తే తీసుకుంటారు, లేకుంటే తిప్పి పంపుతారు. తన పేరులోంచి రెండక్షరాలు మాత్రం తీసి పెట్టుకుని మా పిల్ల కూడా అక్కడ పనిచేసింది. ఎక్కడెక్కడి వాళ్లో దాని తప్పులు దిద్దారు, వాళ్ల తప్పులు అది దిద్దింది. ఒక్కరూ "మీ వాళ్లు" అనలేదు.

అదే గిట్‌హబ్‌లో 2021 జులైలో మా ఆడవాళ్లను వేలానికి పెట్టారు. సుల్లీ డీల్స్ అని పేరు. సుల్లీ అంటే మా ఆడవాళ్లను తిట్టే మాట. ఎనభైమందికి పైగా స్త్రీల ఫొటోలు, వాళ్లు తమ పేర్లతో తాము పెట్టుకున్నవే, ఎత్తుకొచ్చి సంతలో పశువులను నిలబెట్టినట్టు నిలబెట్టారు. ఫిర్యాదులు వెళ్లాయి. పేజీ తీసేశారు. ఆరు నెలలు ఒక్క అరెస్టూ లేదు. 2022 జనవరి 1న బుల్లీ బాయి పేరుతో మళ్లీ పెట్టారు. ఈసారి వందమందికి పైగా. పత్రికల వాళ్లున్నారు, హైదరాబాదులో అరవై దాటిన సామాజిక కార్యకర్త ఉన్నారు, 2016లో జేఎన్‌యూలో మాయమైన విద్యార్థి తల్లి ఉంది. కొడుకును వెతుక్కునే తల్లిని కూడా వదల్లేదు.

పెట్టినవాళ్లు సిక్కు పేర్లు తగిలించుకున్నారని ముంబై పోలీసులు చెప్పారు. దొరికినవాళ్లు ఇరవై అటూఇటూ వయసు పిల్లలు. మా పిల్ల ఈడువాళ్లే, చదువుకుంటున్నవాళ్లే. వాళ్ల దొంగపేర్లను ఎవరూ రుజువు అడగలేదు. మా అసలు పేర్లకు మాత్రం వెల కట్టారు. పేరు అడగని లోకమంటే మేం ముచ్చటపడ్డది దీనికా?

ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. "ఉన్న ఫొటోలన్నీ తీసెయ్ బేటా" అంది తల్లి.

"ఫొటో ఎన్నడు పెట్టిన అమ్మీ? పేరు గూడ సగమే పెట్టిన. గా సగం పేరుతో చేసిన పని నాదేనని రేపు నౌకరి కాడ ఎట్ల చెప్పుకోను?"

మేం మాట్లాడలేకపోయాం. దాక్కోవడమంటే ప్రాణం దక్కించుకోవడమనే మాకు తెలుసు. చేసిన కష్టాన్ని కూడా పోగొట్టుకోవడమని ఆ పిల్ల చెప్పాకే తెలిసింది.

దానికీ ఒక దారి ఉందంది తనే. ఎవరి తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. చేసిన పని మీద దానితో సంతకం పెడితే ఆ సంతకాన్ని ఇంకెవరూ చెయ్యలేరు. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లోనే ప్రెట్టీ గుడ్ ప్రైవసీ అనే ప్రోగ్రాముతో దీన్ని మామూలు జనం చేతికిచ్చాడు. ఏ సర్కారూ, ఏ కంపెనీ ఇవ్వని గుర్తింపు సంకేతాలకు 2022 జులైలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ప్రమాణం కూడా ఖాయం చేసింది. వికేంద్రీకృత గుర్తింపు అంటారట. కార్డు కోసం కిటికీ ముందు నిలబడీ నిలబడీ కాళ్లు అరిగిన మాకు వినడానికి ఎంత బాగుందో.

మా దాదీ అంతా విని ఒకటే అడిగింది: "చెవి నీదేనని గవాయి ఎవరు?"

సరిగ్గా అక్కడికే వచ్చి ఆగుతుందట ఆ శాస్త్రం కూడా. నిన్నెరిగిన మనిషి నీ చెవి మీద తన సంతకం పెట్టాలి. అతన్నెరిగిన మనిషి అతని చెవి మీద పెట్టాలి. దాదీకి ఇది వింతగా తోచలేదు. హదీసు చెప్పేముందు ఎవరు ఎవరి దగ్గర విన్నారో గొలుసు చెప్పాలి. ఇస్నాద్ అంటారు. గొలుసులో ఒక్కొక్క మనిషి నిజాయితీ, జ్ఞాపకం, తన ముందువాణ్ని నిజంగా కలిశాడా లేదా, అన్నీ జల్లెడ పట్టారు పండితులు. ఆ గొలుసుల్లో ఆడవాళ్లూ ఉన్నారు. ఇంత చేసినా దొంగ హదీసులు పుట్టాయి. వాటిని ఏరి వేరే గ్రంథాలే రాయాల్సి వచ్చింది.

ఇక్కడా అంతే. లైనక్స్ యంత్రాల్లో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న పనిముట్టు దగ్గర జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా ఒద్దికగా పనిచేసి, పెత్తనం చేతికొచ్చాక 2024లో దొంగదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానపడ్డ ఆండ్రెస్ ఫ్రాయిండ్ పట్టుకోబట్టి సరిపోయింది. పనిని చూసి నమ్మడంలోనూ మోసం ఉంది. పేరును చూసి నమ్మకపోవడం కన్నా అదే నయమని మేం ఇప్పటికీ అంటాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2019 నవంబరులో ట్విట్టరు మీద అలిగి మనవాళ్లు చాలామంది మాస్టోడాన్‌కు వెళ్లారు. అక్కడ ఒక్క యజమాని లేడు. ఎవరి ఇల్లు వాళ్లది, ఎవరి కట్టుబాట్లు వాళ్లవి. మాకు వెంటనే అద్దె ఇల్లే గుర్తొచ్చింది. ఏ ఇంట్లో దిగాలి, ఎవరు రానిస్తారు? కానీ అదే ఏడాది, విద్వేషానికి పేరుమోసిన గ్యాబ్ అనే గుంపు మాస్టోడాన్ సాఫ్ట్‌వేరు తీసుకుని వచ్చినప్పుడు చాలా ఇళ్లవాళ్లు ఎవరికి వాళ్లు తలుపు వేసేసుకున్నారు. పోలీసుల కోసం చూడలేదు. మా వాడకట్టులో అట్లా తలుపేసినవాళ్లను మేం ఎక్కువ చూడలేదు.

మా పిల్ల ఇప్పుడు పూర్తి పేరు పెట్టింది. ఫొటో లేదు. చెవి చేయించుకుంది. దానిమీద ఇద్దరు తోటి పనివాళ్లు సంతకం చేశారు, దీని ఆధార్ కార్డు చూసి మరీ. ఆ మాటకు మేం నవ్వాం, అది నవ్వలేదు. ఇద్దరూ మావాళ్లు కారు.

"నిఖాకు గూడ ఇద్దరే గవాయిలు" అంది దాదీ. కాసేపాగి, "వాళ్లను ఇంటికి పిలువు బేటీ. ఒక పూట తిని పోతరు. మొఖం సూడాలె గద."

ఒకతను మాంసం తినడట. పప్పుచారు చేస్తామన్నాం.