చేతిలో ఒకటి

12345678987654321

ఈ సంఖ్యను ముందు ఎడమ నుంచి చదవండి, తర్వాత కుడి నుంచి చదవండి. రెండూ ఒకటే. ‘వికటకవి’ అనే మాట లాగా. మొత్తం 17 అంకెలు.

మా ఇంట్లో బడి ముఖం చూసింది నేనే మొదలు. పోయిన ఏడు ఎనిమిదిలో ఉన్నప్పుడు క్వార్టర్లీ లెక్కల్లో నాకు 14 మార్కులు వచ్చాయి. ఇంట్లో ఎవరికీ రాని లెక్కలు నాకెట్లా వస్తాయని దుప్పటి కప్పుకొని ఏడ్చాను.

ఒకరోజు స్టడీ అవర్‌లో లెక్కల సార్ 111111111ని దానితోనే గుణించమన్నారు. సార్ కాలిక్యులేటర్‌లో ఎనిమిది అంకెలే పడతాయి, ఇవి తొమ్మిది. అందుకని చేత్తోనే చేశాం. అంతా ఒకటో ఎక్కమే, భయం లేదు! ఒక్కో వరుసను ఒక స్థానం ఎడమకు జరిపి రాస్తే తొమ్మిది వరుసలు మెట్ల లాగా వచ్చాయి. నిలువుగా కూడితే మొదటి దాంట్లో ఒక ఒకటి, తర్వాత రెండు, అట్లా నడుమ తొమ్మిది దాకా పెరిగి, మళ్ళీ తగ్గుతూ ఒకటికి వచ్చాయి. పైన రాసిన సంఖ్య అదే.

దాని అంకెలన్నీ కూడితే 81. కూడకుండానే చెప్పొచ్చు. తొమ్మిది వరుసలు, వరుసకు తొమ్మిది ఒకట్లు కదా! అందుకే అది 9తో భాగం పోతుంది. 81తో కూడా పోతుంది.

నాకు ఆశ పుట్టి పది ఒకట్లతో చేశాను. 1234567890987654321 అని రాసి సార్‌కు చూపించాను. ఇది కూడా రెండు వైపులా ఒకటే. సార్ నడుమ సున్నా చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి, “చేతిలో ఒకటి ఏదమ్మా?” అన్నారు. నడుమ పది వచ్చింది, సున్నా వేసి ఒకటి మరిచిపోయాను. ఆ ఒకటి పక్క తొమ్మిదికి కలిస్తే అదీ పది. మళ్ళీ చేతిలో ఒకటి. అది ఎనిమిదికి కలిస్తే తొమ్మిది. సరైన జవాబు 1234567900987654321. ఇది వెనక నుంచి చదివితే వేరే సంఖ్య.

ఎండాకాలం సెలవుల్లో అమ్మతో చింతపండు అమ్మడానికి సంతకు పోయాను. ఒక గంప 28 కిలోలు, ఇంకోటి 15 కిలోలు. షావుకారు చీటీలో 33 అని ఉంది. ఎనిమిదీ ఐదూ పదమూడు, మూడు వేసి చేతిలో ఒకటి. ఆ ఒకటి లేదు! నాకు కాళ్ళు వణికినా, “43 కావాలండీ” అన్నాను. ఆయన మళ్ళీ కూడి, పొరపాటు అని పది కిలోల డబ్బులు ఇచ్చాడు.

దారిలో అమ్మ, “చేతిలో ఒకటి అంటే ఏందే?” అని అడిగింది. ఇంటికి పోయాక చింతపిక్కలు పదేసి కుప్పలు పోసి చూపించాను. రెండోసారి అమ్మే పోసింది.

ఈ ఏడు క్వార్టర్లీలో 41 వచ్చాయి. భయం ఇంకా పూర్తిగా పోలేదు. మీరు 11, 111, 1111లను వాటితోనే గుణించి చూడండి. పది ఒకట్ల దాకా పోతే మాత్రం చేతిలో ఒకటి మరవకండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని